కొండ సర్కారుదే అయినా, దాని మీద మాట్లాడే హక్కు మాకు లేదా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు గనులు, క్వారీల గురించే వచ్చాయి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచీ, అటు మహారాష్ట్రలో సిరొంచ నుంచీ రాశారు. అందుకే మిగతా విషయాలు వచ్చే నెలకు వాయిదా వేసి ఈసారి వీటికే జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది రాయగడ దగ్గర ఒక గ్రామం. ఊరి పక్కనే కొండ ఉంది. పొద్దున్న వాకింగుకి, కుర్రాళ్ళు పోలీసు సెలక్షన్లకి పరుగు ప్రాక్టీసు చెయ్యడానికి, కార్తీకంలో వనభోజనాలకి, శివరాత్రి జాగారానికి అందరం అక్కడికే పోతాం. పైన చిన్న గుడి, గుడి ముందు అక్షరాలు చెక్కిన రాయి ఉన్నాయి. ఇప్పుడు ఆ కొండ మీద గ్రానైట్ క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ అని పంచాయతీ ఆఫీసులో నోటీసు అంటించారు. అడిగితే "అది గవర్నమెంటు జాగా, మీ పట్టా పోవడం లేదు కదా, మీకేంటి నష్టం" అంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: పట్టా ఉన్నవాడికే నష్టం అనే మాట చట్టంలో ఎక్కడా లేదు. పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం 2006 సెప్టెంబరు 14న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది, మీ ఊళ్ళో పెడుతున్న సభ కూడా దాని కిందే. అందులోని ఫారం-1లో, ప్రాజెక్టు హద్దు నుంచి 15 కిలోమీటర్ల లోపు ఏమేం ఉన్నాయో పేరుతో, దూరంతో రాయమనే పట్టిక ఒకటి ఉంది. జనం విహారానికి, యాత్రలకి, తీర్థాలకి వెళ్ళే దారులకి ఆ పట్టికలో ఒక వరస, గుళ్ళు బళ్ళు ఆసుపత్రులకి ఇంకో వరస పెట్టారు. మీ వాకింగ్ దారీ శివరాత్రి మెట్లూ ప్రభుత్వం తనంతట తానే అడిగిన వివరాలు. కాబట్టి ముందు ఆ వరసల్లో ఏం నింపారో చూడండి. "లేవు" అని రాసి ఉంటే అక్కడే పట్టుకోవాలి, ఎందుకంటే తెలిసి దాచినా, తప్పుడు సమాచారం ఇచ్చినా దరఖాస్తు తిరస్కరించడానికీ, ఇచ్చిన అనుమతిని రద్దు చెయ్యడానికీ అదే నోటిఫికేషన్‌లో వీలు ఉంది.

క్వారీ వల్ల పర్యావరణం మీద పడే ప్రభావం గురించి తయారుచేసిన ముసాయిదా నివేదిక, దాని సారాంశం కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, మీ పంచాయతీలో చూడటానికి ఉండాలి. సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి, సభకి కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి. ఈ రెండింట్లో ఏది జరగకపోయినా నోటితో గొడవ పడి ఊరుకోకుండా కలెక్టరుకి, కాలుష్య నియంత్రణ మండలికి కాగితం పెట్టి, అందినట్టు స్టాంపు వేయించుకోండి.

ఇక సభ సంగతి. చాలామంది అది ఓటింగు అనుకుని లారీల్లో జనాన్ని దింపుతారు. అక్కడ ఓట్లు ఉండవు, ఇంతమంది రావాలన్న కోరం ఉండదు, ఆ వేదిక మీద ఎవరూ క్వారీ ఇవ్వాలా వద్దా అని తేల్చరు. కలెక్టరు గానీ, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చుని, చెప్పింది రికార్డు చేయించి పైకి పంపుతారు, అంతే. కానీ ఆ రికార్డులో ఎక్కిన ప్రతి అభ్యంతరానికీ క్వారీ పెట్టేవాళ్ళు తుది నివేదికలో జవాబు రాసి తీరాలి. వెయ్యిమంది నినాదాలిచ్చి వెళ్ళిపోతే "స్థానికులు వ్యతిరేకించారు" అని ఒక్క లైనుతో సరిపెట్టే వీలుంటుంది. పదిమంది పది వేరువేరు విషయాలు కాగితం మీద పెడితే పదింటికీ జవాబు చెప్పాలి. జనం వద్దని నేను అనడం లేదు, తప్పకుండా రండి, కానీ ఉత్త చేతుల్తో రాకండి.

కాగితంలో ఏం రాయాలన్నదే అసలు పని. "మా కొండను నాశనం చెయ్యకండి" అని రాస్తే దానికి "మొక్కలు నాటుతాం" అని జవాబు వస్తుంది. అలా కాకుండా ఇలా రాయండి: "శివరాత్రి రాత్రి తూర్పు వైపు మెట్ల దారిన మా ఊరితో పాటు ఫలానా ఊళ్ళ జనం కొండ ఎక్కుతారు. లీజు పటంలో ఫలానా రాయి నుంచి ఫలానా రాయి దాకా గీసిన హద్దు ఆ మెట్లను మధ్యలో కోస్తోంది. పేలుళ్ళు జరిగే రోజుల్లో ఈ దారి మూస్తారా? మూస్తే ఏ అధికారంతో? గుడికి ఎంత దూరంలో పేలుస్తారు? వాన నీరు దిగే వాగులో రాతిపొడి పడకుండా ఏం కడతారు?" మీలో ఎవరో ఒకరు ఫోనులో లొకేషన్ ఆన్ చేసుకుని ఆ దారంతా నడిచి, మెట్లు మొదలయ్యే చోట, మలుపు దగ్గర, గుడి దగ్గర ఫొటోలు తీసి ఆ కాగితానికి జత చెయ్యాలి. పాత వనభోజనాల ఫొటోలు ఇళ్ళల్లో ఆల్బమ్‌లలో ఉంటాయి, వాటి కాపీలు తీసి వెనక సంవత్సరం రాసి పెట్టండి. పెద్దవాళ్ళు చెప్పే విషయాలు వాళ్ళ పేరుతో, వయసుతో రాసి సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోండి.

తరతరాలుగా ఊరంతా తిరిగే కొండను నివేదికలో "నిరుపయోగంగా ఉన్న బంజరు" అని రాసినప్పుడు నాకు నిజంగా కడుపు మండుతుంది. కానీ మనం వాడుతున్నట్టు మనమే ఎక్కడా రాసి పెట్టుకోకపోతే వాళ్ళు రాసిందే మిగులుతుంది.

అక్షరాల రాయి విషయంలో తొందరపడి సున్నం రాయడం, నూనె పెట్టి తోమడం, గుడి రంగులు వేసేటప్పుడు దానికీ ఒక కోటింగు కొట్టడం చెయ్యకండి. పొద్దున గానీ సాయంత్రం గానీ వెలుతురు పక్కనుంచి పడేటప్పుడు ఫొటో తీస్తే అక్షరాలు లేచి కనబడతాయి. ఆ ఫొటోలను రాష్ట్ర పురావస్తు శాఖకి, మైసూరులో ఉన్న భారత పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపండి. ఒక్క జాగ్రత్త: కేంద్ర రక్షిత కట్టడాలకే చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపై 200 మీటర్లు నియంత్రణ ఉంటాయి. మీ రాయి ఇంకా ఆ జాబితాలో లేదు కాబట్టి ఆ దూరాలు మాకు వర్తిస్తాయని సభలో వాదించకండి. దాన్ని చదివేదాకా ఆ చోటు ముట్టుకోవద్దని అడగండి. ఆ కోరిక న్యాయమైనది, తోసెయ్యడం కష్టం.

ఇంకో రెండు విషయాలు త్వరగా చూడాలి. ఒకటి, భూమి రికార్డు. ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఆ కొండ ఏ కిసమ్‌లో (భూమి రకంలో) ఉందో చూసి నకలు తీసుకోండి. గోచరం (పశువుల మేత భూమి), సర్వసాధారణం (అందరూ వాడుకునేది) అని ఉంటే అది ఊరి ఉమ్మడి అవసరానికి ఉంచిన భూమి, అలాంటి భూముల్ని కాపాడాలని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. జంగల్ అని ఉంటే అటవీ చట్టాల దారి కూడా తెరుచుకుంటుంది. రెండోది, రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే ఆదివాసుల కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం. అలాంటి ప్రాంతాల్లోని పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం ప్రకారం గ్రానైట్ లాంటి చిన్నతరహా ఖనిజాల లీజుకి గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు ముందే ఉండాలి. ఆ సిఫారసు ఏ తేదీన, ఏ సమావేశంలో ఇచ్చారో, ఎవరెవరు సంతకాలు పెట్టారో సమాచార హక్కు కింద అడగండి.

మీ ఉత్తరంలో లీజు ఎన్ని హెక్టార్లో రాయలేదు. 5 హెక్టార్ల లోపు విడి లీజుకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్న వెసులుబాటు ఉంది, అందుకే ఒకే కొండను నాలుగు ముక్కలు చేసి అడిగేవాళ్ళూ ఉంటారు. 2016 జనవరి సవరణ ప్రకారం 500 మీటర్ల లోపు పక్కపక్కన ఉన్న లీజుల్ని ఒక క్లస్టర్‌గా కలిపి చూడాలి. ఈసారి సభ పెడుతున్నారు సరే, రేపు ఇంకో ముక్కకి సభ లేకుండా రాకుండా ఇప్పుడే ఈ విషయం ఎత్తండి.

ప్రశ్న: నియమగిరిలో గ్రామసభలు పెట్టి కంపెనీని ఆపేశారు కదా, మా గుణుపురం వైపు కొండకీ అలా చెయ్యొచ్చా?

జవాబు: అక్కడ ఏం జరిగిందో సరిగ్గా తెలుసుకుంటే మీకేం పనికొస్తుందో మీరే చెప్పగలరు. వేదాంత కంపెనీ లంజిగఢ్ అల్యూమినా రిఫైనరీ కోసం నియమగిరి పైన బాక్సైట్ తవ్వాలనుకున్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల చట్టం కింద అక్కడి ఆదివాసీలైన డోంగ్రియా కోంధుల మతపరమైన, సాంస్కృతిక హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ ఏడాది జులై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 ఊళ్ళలో, జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి పరిశీలకుడిగా కూర్చుని ఉండగా సభలు జరిగాయి. పన్నెండూ వద్దనే అన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది.

అది అటవీ భూమి. అక్కడివాళ్ళు ఆ కొండను నియమరాజుగా కొలుస్తారు, బతుకంతా దాని మీదే. మీది రెవెన్యూ భూమి అయితే ఆ తీర్పు నేరుగా వర్తించదు. మన వాకింగునీ వనభోజనాన్నీ వాళ్ళ బతుకుతో సమానంగా నిలబెట్టి మాట్లాడటం కూడా నాకు సబబుగా తోచదు. కానీ మీ కొండ మీద ఆదివాసీ కుటుంబాలు పూజలు చేస్తుంటే, పశువుల్ని మేపుతుంటే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వాళ్ళ హక్కు మనకన్నా బలమైంది. వాళ్ళు పల్లీసభ (ఒడిశాలో ఒక్కో ఊరి స్థాయిలో జరిగే సభ) పిలిస్తే మీరు వెనక నిలబడండి, వాళ్ళ పేరుతో మీరు అర్జీ రాసేసి సంతకాలు పెట్టించుకోవద్దు.

ప్రశ్న: నేను పర్లాకిమిడి గృహిణిని. మాకూ ఒక సభ ఉంది. "మీరు తెలుగువాళ్ళు, మీకెందుకు" అని కొందరూ, "ఆడవాళ్ళకి మైకు ఇవ్వరు" అని కొందరూ అంటున్నారు. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లెమ్మా, సభకి వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రశ్న అడిగే, వివరణ కోరే అవకాశం ఇవ్వాలని నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆడ, మగ, భాష అన్న తేడా అందులో లేదు. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. మన వాళ్ళు ఎప్పటినుంచో అక్కడే ఉన్నారు, మహేంద్రగిరికి శివరాత్రికి ఒడియా, తెలుగు, సవర అందరూ కలిసే ఎక్కుతున్నారు. ఆ మహేంద్రగిరిని 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది కూడా. మీ జిల్లాలోనే జరిగిన సంగతి కాబట్టి సభలో చెప్పుకోదగిందే.

పక్కింటి ఒడియా అక్కను కూర్చోబెట్టుకుని మీ ప్రశ్నలు ఒడియాలో రాయించుకోండి, కింద ఇద్దరూ సంతకం పెట్టండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు రాయించుకోండి. మైకు దొరక్కపోయినా ఆ కాగితం రికార్డులోకి వెళ్తుంది. చివర్లో సభ సారాంశం స్థానిక భాషలో చదివి వినిపించాలి, అప్పటిదాకా కదలకండి. మీరు చెప్పింది అందులో లేకపోతే లేచి అప్పుడే చెప్పండి, వీడియో తీస్తుంటారు, అదీ నమోదవుతుంది.

ప్రశ్న: మా తమ్ముడికి క్వారీలో ఉద్యోగం ఇస్తామన్నారు. నేను వ్యతిరేకిస్తుంటే ఇంట్లో రోజూ గొడవ. ఎవరిది తప్పు?

జవాబు: పని కావాలనుకోవడం తప్పు కాదు, తమ్ముణ్ణి శత్రువుగా చూడకండి. ఇద్దరూ కలిసి ఆ నివేదికలో ఉద్యోగాల సంఖ్య ఉన్న పేజీ తెరవండి. అందులో పర్మినెంటు ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని, స్థానికులకి ఏ పని అనేది చూడండి. మాట ఇచ్చినవాళ్ళని మీ తమ్ముడి పేరు, పని, జీతం కాగితం మీద రాసి ఇమ్మనండి. గ్రానైట్ డ్రిల్లింగులో లేచే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయమయ్యే మందు లేదు. తడి డ్రిల్లింగు చేస్తారా, మాస్కులు, వైద్య పరీక్షలు ఎవరు చేయిస్తారు అని సభలో మీ తమ్ముడే అడగాలి. ఆ ప్రశ్న మీ నోటినుంచి వచ్చేదానికన్నా పనికి వెళ్ళాలనుకునే కుర్రాడి నోటినుంచి వస్తే బరువు ఎక్కువ.

ప్రశ్న: సిరొంచ వైపు మా దగ్గర రాతిలో పెద్ద జంతువుల ఎముకలు దొరుకుతాయి. అవి గుడి కాదు, కోట కాదు, అయినా వారసత్వం కిందకి వస్తాయా? పక్కనే తవ్వకానికి అనుమతి వచ్చేసిందంటున్నారు.

జవాబు: తప్పకుండా వస్తాయి. బరపాసారస్ అనే భారీ డైనోసార్ ఎముకలు దొరికింది మీ సిరొంచ తాలూకాలోని పోచంపల్లి దగ్గరే, ఆ అస్థిపంజరం కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో నిలబెట్టి ఉంది. వడధంలో శిలాజాల పార్కు కూడా ఉంది. మీరు చూసిన ఎముకల్ని పెకలించకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి భారత భూగర్భ సర్వే సంస్థకి, అటవీ శాఖకి రాయండి.

అనుమతి వచ్చేసిందన్నది విన్న మాటేనా, కాగితం చూశారా? పర్యావరణ అనుమతి మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకి గడువు 30 రోజులే, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు, ఆ తర్వాత తీసుకోరు. ఉత్తర్వు ఏ రోజు బయటికి తెలిసిందో ఈ వారంలోనే కనుక్కోండి. మహారాష్ట్రకి బెంచి పుణెలో ఉంది, ఒడిశా వాళ్ళకి కోల్‌కతాలో.