ఒకే దీవిలో ఉన్న హైతీ, డొమినికన్ రిపబ్లిక్‌ల గడియారాలు ఎందుకు కలవవు?

హిస్పానియోలా దీవిలో పడమట ఉన్న హైతీకీ, తూర్పున ఉన్న డొమినికన్ రిపబ్లిక్‌కూ మధ్య గంట తేడా చలికాలంలోనే ఉంటుంది. డొమినికన్ సమయం ఏడాది పొడవునా గ్రీనిచ్ కంటే 4 గంటలు వెనుక నడుస్తుంది. 5 గంటలు వెనుక ఉండే హైతీ మాత్రం, అమెరికాలాగే మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతుంది కనుక, ఆ నడుమ రెండూ కలిసిపోతాయి. సూర్యుడి లెక్కన చూస్తే రాజధానులు పోర్ట్-ఓ-ప్రిన్స్, శాంటో డొమింగోల మధ్య తేడా సుమారు 10 నిమిషాలే. మిగతాదంతా ప్రభుత్వాల నిర్ణయం. సరిహద్దు తెరిచి ఉన్న రోజుల్లో, హైతీ సరిహద్దు పట్టణం ఊనామింత్ నుంచి మసాకర్ నది వంతెన దాటి, డొమినికన్ వైపున్న దహబోన్ సంతకు వెళ్లే హైతీ వ్యాపారి, నాలుగడుగులు నడిచేసరికి చలికాలంలో గంట పోగొట్టుకుంటాడు.