కరాటే నేర్చినవారు కత్తిసాము మొదలుపెట్టాలంటే ముందుగా ఏ కత్తి కొనాలి?

ఎనిమిదేళ్లుగా కరాటే సాధన చేస్తున్నానని, కత్తిసాములోకి రావడానికి ఎలాంటి కత్తి కొనాలో చెప్పమని అడిగారు. కనీసం ఏడాది పాటు ఏ కత్తీ కొనవద్దన్నదే నా సమాధానం. పదకొండేళ్లు కరాటే చేసిన తరువాత నేను ఈ విద్యలోకి వచ్చాను, వస్తూనే చేసిన మొదటి పని కత్తి కొనడం.

అది ఒక ఎగ్జిబిషనులో దొరికిన, గోడకు తగిలించే రకం కత్తి. ఒక సాయంత్రం మేడ మీద దానిని రెండు చేతులతో పట్టుకుని పైనుంచి కిందికి విసురుతుండగా చేతిలోని బరువు ఒక్కసారిగా మాయమైంది. పిడి నుంచి ఊడిన బ్లేడు, ఆరేసిన బట్టలు తీస్తున్న మా చెల్లెలి పక్కనుంచి దూసుకుపోయి నీళ్ల ట్యాంకుకు తగిలి పడింది. పిడి విప్పి చూస్తే లోపల పెన్సిలు కన్నా సన్నని కడ్డీ, దానికి బ్లేడును అతికించిన వెల్డింగు తెగిపోయి ఉంది. సాధనకు చేసిన కత్తిలో బ్లేడు తగినంత వెడల్పుతో పిడి లోపలికి సాగుతుంది. అలంకారానికి చేసిన దానిలో విసురు బలమంతా ఆ అతుకు మీదే పడుతుంది. పైగా అంత పొడవైన స్టెయిన్‌లెస్ స్టీలు బ్లేడు దెబ్బకు విరిగే ప్రమాదం ఎక్కువ. ఇలాంటి కత్తులనే తిప్పుతూ పిల్లలు రీల్స్ చేయడం చూసినప్పుడల్లా నాకు గుండె దడదడలాడుతుంది.

ఆ తరువాత మా జిల్లాలో కర్రసాము నేర్పే ఒక పెద్దాయన దగ్గర చేరాను. మాస్టారు నాకు మూడడుగుల వెదురు కర్ర ఇచ్చి, పొడవునా ఒక పక్క సుద్దతో గీత రుద్ది, "ఇదే నీ కత్తి వాదర, నాయనా" అన్నారు. వేపకొమ్మకు వేలాడదీసిన నల్ల గొంగడి ముక్కను కొట్టమన్నారు. దెబ్బ సరిగా తగిలితే గొంగడి మీద సన్నని తెల్లచార పడుతుంది, మణికట్టు కాస్త తిరిగినా పడదు. మొదటి వారంలో వందల దెబ్బలు వేసినా పట్టుమని పది చారలు పడలేదు. కారణం నా కరాటేయే. గుద్దు చివర ముంజేతిని తిప్పి, పిడికిలి మొత్తం బిగించడం నాకు అలవాటు. కత్తికి చిటికెన వేలు, ఉంగరం వేలు పట్టు ఇవ్వాలి, బొటనవేలు, చూపుడువేలు దారి చూపాలి. ఇది చేతికి ఎక్కడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

కర్రతో మొదలుపెట్టడం చిన్నతనమేమీ కాదు. కేరళ యుద్ధవిద్య కలరిపయట్టులో ముందు శరీర సాధన అయిన మెయ్తారి, తరువాత కర్రల కోల్తారి, ఆ పైననే లోహపు ఆయుధాల అంగతారి. వట్టి చేతుల పోరు నేర్పే వెరుంకై అన్నిటికన్నా చివరిది. జపాను పద్ధతిలోనూ ముందు చేతికి వచ్చేది బొక్కెన్ అనే చెక్క కత్తి. అమలాపురం దసరా ఊరేగింపులో కర్ర, కత్తి విన్యాసాల చెడీ తాలింఖానా చూసి, కళ్లకు గంతలు కట్టుకుని కత్తి దూసే ఆ నేర్పు తమకూ వెంటనే రావాలని ఆశపడేవారు దాని వెనుక ఉన్న కర్ర సాధనను కూడా చూడాలి.

మీ ఊళ్లో సాము గురువు లేకపోతే ఫెన్సింగులో, పొడవడమే కాక నరికే దెబ్బలూ ఉండే సేబర్ విభాగం నేర్చుకోండి. టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశపు ఫెన్సర్ భవానీ దేవి పోటీపడిన విభాగం అదే. మాస్కు, జాకెట్టు వేసుకుని ఎదుటి మనిషితో తలపడతారు కనుక, చేతికి ఆయుధం వచ్చాక దూరం ఎంత మారుతుందో, కరాటే అలవాటుతో మనం ఎంత ముందుకు చొరబడుతున్నామో మొదటి రోజే తెలిసిపోతుంది.

ఏడాది తరువాత నిజమైన కత్తి కొనాలనుకున్నప్పుడు, సాముకు వాడే కత్తులు 1959 నాటి ఆయుధాల చట్టం పరిధిలోకి రావచ్చు కనుక, ముందుగా మీ పోలీసు స్టేషనులో విచారించండి. కొన్నది వాదర పెట్టని కత్తే అయినా, ప్రతి సాధనకు ముందు పిడి పట్టుకుని బ్లేడును మెల్లగా ఊపి చూడండి. ఏమాత్రం కదిలినా, చిన్న టక్కుమనే చప్పుడు వినిపించినా, ఆ రోజుకు మళ్లీ వెదురు కర్రే పట్టుకోండి.