అన్నీ తెలిసిన మావయ్యను మళ్లీ రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన హాస్యవ్యాసం చదివాను. మావయ్య అన్నీ తెలుసనుకుంటాడనీ, నిజానికి ఏమీ తెలియదనీ, ఊరంతా నవ్వుకుంటుందనీ రాశావు. ఊరే నవ్వేశాక చదివేవాడికి ఇంకేం మిగిలింది?

ముందు విశేషణాలు తీసెయ్యి. ‘మహా పిసినారి’ అంటే పాఠకుడు తలూపి ఊరుకుంటాడు. వచ్చిన శుభలేఖల వెనకవైపు పాలలెక్క రాసుకుంటాడని చెప్పు. పిసినారితనాన్ని పాఠకుడే పట్టుకుంటాడు, పట్టుకున్నవాడే నవ్వుతాడు. ‘అన్నీ తెలుసనుకుంటాడు’ అన్న మాట కూడా వ్యాసంలో ఎక్కడా ఉండకూడదు. దారినపోయే ఒకాయన పోస్టాఫీసు ఎక్కడని అడిగాడనుకో. మావయ్యకు తెలియదు. తెలియదనడానికి నోరు రాదు. “ఆ వేపచెట్టు దగ్గర ఎడమకి తిరగండి, అక్కడ ఎవర్నడిగినా చెబుతారు” అంటాడు. అక్కడే ఆపు. ‘మనిషి నైజం ఇంతే కదా’ అంటూ నువ్వు అందుకున్నావో, వచ్చిన నవ్వు కాస్తా చల్లారిపోతుంది.

ఇక వాక్యం. ‘ఉప్పు చాల్లేదంటూనే మావయ్య మూడో గారె తిన్నాడు’ అని రాశావు. తిరగెయ్యి: ‘మావయ్య మూడో గారె నములుతూ, ఉప్పు చాల్లేదన్నాడు.’ గారెలు ముందు కనబడాలి, ఫిర్యాదు తర్వాత వినబడాలి. పేలాల్సిన మాట చివర పడాలి, దాని వెనక ఇంకేదీ తోకలా వేలాడకూడదు. అలాగని ప్రతి వాక్యాన్నీ పేల్చబోకు. పేజీకి రెండు పేలితే చాలు, మిగతావి సాఫీగా నడవనీ.

నత్తి, లావు, పక్క జిల్లా యాస మీద వేసిన జోకులన్నీ కొట్టేశాను. మనిషి మార్చుకోలేనిదాని జోలికి పోకు. దాచుకుందామని తంటాలు పడేదాన్ని పట్టుకో: బడాయి, అసూయ, చదివింపుల కవర్లో నూట పదహార్లే పెట్టి మూతకి రెండుసార్లు జిగురు రాయడం. వెతికితే వీటిలో సగం నీలోనే దొరుకుతాయి.

నీ వ్యాసం 1,100 మాటలుంది, 600కి దించు. మొదటి పేరా తీసేసి చూడు, అసలు వ్యాసం రెండోదాంట్లోనే మొదలైంది. ఆఖరి పేరాలో నీతి ఉంది, అదీ తీసెయ్యి. ఆశ్చర్యార్థకాలు ఒక్కటీ వద్దు. తర్వాత వారం రోజులు పక్కన పడేసి, పైకి చదువు. ఊపిరి అందనిచోట వాక్యం విరిచెయ్యి. ఎవరికైనా వినిపించేటప్పుడు నవ్వారా లేదా అని చూడకు, మర్యాదకు నవ్వేవాళ్లు బోలెడుమంది. ఫోన్ వైపు ఎక్కడ చూశారో అక్కడ గీత పెట్టుకో.

కన్యాశుల్కం 1892లో రంగస్థలమెక్కింది, 1897లో అచ్చయింది. అయినా గురజాడ ఊరుకోలేదు, 1909 కూర్పు కోసం చాలావరకు తిరగరాశారు. నువ్వేమో ఒక్క రాత్రిలో రాసినదానికి కామా కూడా ముట్టుకోవద్దంటున్నావు.

మావయ్య నిజంగా ఉన్న మనిషే అయితే ఊరూ, ఉద్యోగమూ, మీసమూ మార్చెయ్యి. ఆ తర్వాత భయం లేదు. అచ్చయ్యాక ఆయనే చదివి, ఇది పక్కింటాయన గురించే రాశావు కదూ అంటాడు.

మీ అన్నయ్య