ఈమ్యాక్స్‌లో 404 వస్తే, నెట్ లేని రోజుల్లో ప్యాకేజీలు కావాలంటే

అమలాపురం హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్లోకి మ్యాగిట్ (గిట్ వాడటానికి అందులో చేర్చుకునే ప్యాకేజీ) దించుతుంటే 404, అంటే ఫైలు దొరకలేదని, వస్తోందని, అల్పపీడనం పట్టి కరెంటూ నెట్టూ పోయిన రోజుల్లో ఏం చేయాలని అడిగారు.

404 మీ హాట్‌స్పాట్ తప్పు కాదండి. మెల్పా (ఈమ్యాక్స్ ప్యాకేజీలు దొరికే సర్వర్) ఒక్కో ప్యాకేజీకి తాజా బిల్డ్ ఒక్కటే ఉంచుతుంది. మీ మెషీన్లో దాచిన జాబితా పాతదైతే, అందులో ఉన్న వెర్షన్ ఫైలు సర్వర్లో ఇప్పుడు ఉండదు. ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కి ప్యాకేజ్-రిఫ్రెష్-కంటెంట్స్ ఇవ్వండి. ఆ తర్వాతే ఇన్‌స్టాల్.

నేనైతే లిస్ట్-ప్యాకేజెస్ తెరిచి పని చేస్తాను. ఏం మారబోతోందో ముందే కంటికి కనిపిస్తుంది. ఐ నొక్కితే ఇన్‌స్టాల్‌కి గుర్తు, డి నొక్కితే తీసేయడానికి, యూ నొక్కితే గుర్తు పోతుంది. షిఫ్ట్‌తో యూ నొక్కితే కొత్త వెర్షన్ ఉన్నవన్నిటికీ గుర్తు పడుతుంది. ఎక్స్ నొక్కేదాకా ఏదీ జరగదు, చాలామంది ఇక్కడే ఆగిపోయి ఇన్‌స్టాల్ కాలేదనుకుంటారు.

మ్యాగిట్‌తో ఇంకో చిక్కుంది. దానికి ట్రాన్సియెంట్ అనే ఇంకో ప్యాకేజీ కావాలి. అది వెర్షన్ 28 నుంచి ఈమ్యాక్స్‌లోనే వస్తుంది, కానీ మ్యాగిట్ ఒక్కోసారి అంతకన్నా కొత్తది అడుగుతుంది. ఈమ్యాక్స్‌తో వచ్చినవాటిని ఇన్‌స్టాలర్ మామూలుగా ముట్టుకోదు. వెర్షన్ 29 నుంచైతే ప్యాకేజ్-ఇన్‌స్టాల్-అప్‌గ్రేడ్-బిల్ట్-ఇన్ అనే వేరియబుల్‌ని టీ (అంటే అవును) చేసి, ట్రాన్సియెంట్ దించి, ఈమ్యాక్స్ మూసి మళ్ళీ తెరవండి. పాతది అప్పటికే మెమరీలో ఉంటుంది కాబట్టి ఈ మూసి తెరవడం మానకండి.

ఇక నెట్ లేని రోజుల సంగతి. దించినవన్నీ హోమ్ ఫోల్డర్లోని డాట్ ఈమ్యాక్స్ డాట్ డి లోపల, ఎల్పా అనే ఫోల్డర్లో ఉంటాయి (విండోస్‌లో యాప్‌డేటా కింద రోమింగ్‌లో). పేరు ముందు చుక్క ఉంది కాబట్టి ఫైల్ మేనేజర్లో దాచిన ఫైళ్ళు చూపించమనాలి. అక్టోబరు, నవంబరు తుఫాన్లకు ముందే ఆ ఫోల్డర్ని, దాంతోపాటు ఇనిట్ ఫైల్ని (మీ ఈమ్యాక్స్ సెట్టింగులుండే ఫైలు) పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ల్యాబ్ మెషీన్లో అదే చోట పెడితే నెట్ లేకుండానే నడుస్తాయి. అక్కడ ఈమ్యాక్స్ వెర్షన్ వేరైతే ప్యాకేజ్-రీకంపైల్-ఆల్ ఇవ్వండి (ఇదీ 29 నుంచే). పీడీఎఫ్-టూల్స్ లాంటివాటికి సీ భాషలో రాసి కంపైల్ చేసిన భాగాలుంటాయి. లినక్స్‌లో దించినవి విండోస్‌లో పనిచేయవు, వాటికోసం అక్కడే మళ్ళీ బిల్డ్ చేసుకోవాలి.

దించుతుండగా కరెంటు పోయి ప్యాకేజీ సగంలో ఆగితే, ఎల్పాలో దాని ఫోల్డర్ ఒక్కటీ చేత్తో తీసేసి మళ్ళీ దించండి.

ఇనిట్ ఫైల్ లేకుండా ఎల్పా ఒక్కటే తెచ్చుకుంటే మాత్రం ప్యాకేజ్-ఆటోరిమూవ్ (అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆదేశం) జోలికి పోవద్దు. మీరు కోరి దించుకున్నవాటి పేర్లు ఆ ఫైల్లో ప్యాకేజ్-సెలెక్టెడ్-ప్యాకేజెస్ కింద ఉంటాయి. ఆ జాబితా ఖాళీగా ఉంటే ప్యాకేజీలన్నీ తీసేయమంటారా అని అడుగుతుంది. నో అనండి.