మూసీ నీళ్ల చెరువులో జమ్ము వేస్తే నత్రజని తగ్గుతుందా?
వలిగొండ దగ్గర మూసీ నీళ్లు దిగే చెరువులో జమ్ము పెంచితే నత్రజని పోతుందా అని అడిగారు. పోతుంది. కానీ అసలు పని బ్యాక్టీరియాది. మూసీ మోసుకొచ్చే మురుగులోని నత్రజని ఎక్కువగా అమ్మోనియా రూపంలో ఉంటుంది. గాలి తగిలే పలుచటి నీటిలో ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. అడుగున, కాలు పెడితే బుడగలొచ్చే నల్ల బురదలో, గాలి ఆడదు. అక్కడ ఇంకో రకం ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తుంది. అందుకే ముందు లోతు తక్కువ మడి, దాని వెనక జమ్ము మడి కట్టండి. ఎండాకు కొంత బురదలోనే ఉండనివ్వండి, ఆ బ్యాక్టీరియాకు తిండి అదే. నీళ్లు కొన్ని రోజులైనా నిలవాలి. కోసిన జమ్ము మాత్రం గట్టు మీద వదలొద్దు, కుళ్లి మళ్లీ చెరువులోకే దిగుతుంది. ఆ నీళ్లే వరికి పారిస్తుంటే యూరియా తగ్గించండి; లేకపోతే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది.