ఆ రెండు నీటి అణువులను వదిలేయకండి

ప్రశ్న: 0.05 మోలార్ (లీటరు ద్రావణంలో 0.05 మోల్‌లు; ఒక మోల్ అంటే అణుభారమంత గ్రాములు) ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణం 250 మి.లీ. తయారు చేయమన్నారు. అణుభారం 90 వేసుకుని 1.125 గ్రాములు తూచాను. తప్పన్నారు. లెక్క సరిగ్గానే ఉంది కదా మేడమ్? ప్రాక్టికల్స్ అంటే టెన్షన్‌గా ఉంది.
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: నీ గుణకారంలో తప్పు లేదమ్మా. ల్యాబ్‌లో ఆ సీసా మీది చీటీ ఒకసారి చదువు. అందులో ఉండేవి స్ఫటికాలు. ఒక్కో ఆమ్ల అణువుతో రెండు నీటి అణువులు కలిసి ఉంటాయి. మనం తూచేటప్పుడు ఆ నీరూ త్రాసులో పడుతుంది. కాబట్టి 90కి ఆ రెండు నీటి అణువుల భారం 36 కలిపి 126 తీసుకోవాలి.

0.05ను 0.250 లీటర్లతో గుణిస్తే 0.0125 మోల్‌లు. దాన్ని 126తో గుణిస్తే 1.575 గ్రాములు. నువ్వు తూచినదానితో వచ్చేది సుమారు 0.036 మోలార్ మాత్రమే. దాన్ని 0.05 అనుకుని టైట్రేషన్ (గాఢత తెలిసిన ద్రావణంతో తెలియనిదాని గాఢత కనుక్కోవడం) చేస్తే, దానితో కొలిచే సోడియం హైడ్రాక్సైడ్ గాఢత అసలుకంటే 1.4 రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంకోటి, ఇది నువ్వు అడగకపోయినా చెప్పాలి. 250 మి.లీ. నీళ్లు కొలిచి పోయకు. మొలారిటీలో లీటరంటే ద్రావణం లీటరు, నీళ్ల లీటరు కాదు. ముందు బీకరులో కొద్ది నీళ్లతో కరిగించి స్టాండర్డ్ ఫ్లాస్కులోకి (మెడ మీద 250 మి.లీ. గీత ఉన్న సీసా) ఒంపు. బీకరు కడిగిన నీళ్లూ అందులోకే పోవాలి. డిగ్రీలో ఉండగా నేను వాటిని సింకులో పారబోశాను. ఆ పూట ఒక్క రీడింగూ సరిగ్గా రాలేదు. మెడ మీది గీత దగ్గరికొచ్చాక చుక్క చుక్కగా పోయాలి. నీటి వంపు అడుగుభాగం ఆ గీతను తాకగానే ఆపి, మూత పెట్టి బాగా తిరగేసి కలుపు.