గిటార్ల హోరుతో సాగే హార్డ్ రాక్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన ఆల్బమ్ ఏది?

అమ్మకాలే లెక్కైతే 1980లో వచ్చిన ఏసీ/డీసీ బ్యాండ్ 'బ్యాక్ ఇన్ బ్లాక్' ముందుంటుంది. పాటల్లో వైవిధ్యం కావాలంటే లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్. కానీ తర్వాతి సంగీతాన్ని ఏది మార్చిందని అడిగితే, నా ఓటు బ్లాక్ సబ్బాత్ వాళ్ల 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' (1971)కే.

ఆ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే! ఈ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు గిటార్ శ్రుతిని మూడు సెమీటోన్లు (పక్కపక్క స్వరాల మధ్య ఉండే చిన్న మెట్లు) కిందికి దించాడు. తీగలు వదులై నొక్కడం తేలికైంది, శబ్దం మాత్రం బాగా బరువెక్కింది. నెమ్మదిగా, బరువుగా సాగే డూమ్ మెటల్, స్టోనర్ రాక్ శైలుల బ్యాండ్‌లు ఈనాటికీ వెతుక్కునేది ఆ బరువునే.